తాటాకు కట్టిన దోనె

పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. ఏం చూసినా నవ్వు వచ్చే రోజులివి. పొద్దున్న తలుపు తీస్తే గుమ్మం ముందే కొల్లేరు. ఆ నీళ్ళ మీద గూడబాతులు పెళ్ళికి వచ్చిన పెద్దమనుషుల్లా పొట్టలు ముందుకు పెట్టుకుని తిరుగుతుంటే నవ్వు వస్తుంది. మా ఆయన కాఫీ గ్లాసు ఉత్తరీయం చెంగుతో పట్టుకుని “అబ్బా, కాలింది” అంటారు. రోజూ అంటారు, రోజూ నవ్వుతాను. ఏలూరు నుంచి పడవలో వచ్చే పత్రిక ఇక్కడికి చేరేసరికి అందులోని కబుర్లన్నీ పాతబడిపోతాయి. వాటిని ఆయన ఇప్పుడే, మా వీధరుగు మీదే జరుగుతున్నట్టు చేతులు తిప్పుతూ చదివి వినిపిస్తారు. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియెట్ చదివిన పిల్ల ఈ నీళ్ళ మధ్య లంకలో ఎలా ఉంటుందోనని తాడేపల్లిగూడెం స్టేషనులో రైలెక్కిస్తూ మా అమ్మ ఏడ్చింది. ఎలా ఉన్నానో ఉన్నదున్నట్టు ఆవిడకి రాయాలంటే నాకు సిగ్గు.

అలాంటిదాన్ని ఈ మాఘమాసంలో కాఫీ గ్లాసు ఆయన చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఎందుకంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడూ మండుతూనే ఉంది.

భర్త పేరు ఆడవాళ్ళు చెప్పకూడదంటారు. రాయకూడదని ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. మా ఆయన పేరు అచ్యుతరావు. ఈ లంకలోని బోర్డు స్కూలుకి హెడ్మాస్టరు. ఆయన కింద కృపావరంగారని ఒక అసిస్టెంటు మాస్టారు ఉన్నారు. మధ్యాహ్నం పూట ఆడపిల్లలకి కుట్టుపనీ పద్యాలూ నేర్పడానికి, జీతం లేకుండా, నేను.

మా వారు రాకముందు కృపావరంగారు పొద్దున్నే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చేవారట. “ఏమ్మా, మీ వాడు లేచాడా? నిన్న కాలికి ముల్లు దిగిందన్నాడు, తీశారా?” అంటూ వాకిళ్ళలో నిలబడేవారట. అయినా సగం మందే వచ్చేవారు. ఇది చేపలు పట్టేవాళ్ళ ఊరు. తెల్లవారుతూనే దోనెల్లో వెళ్ళి, సాయంత్రం నీళ్ళలో పెట్టి వచ్చిన మావులు ఎత్తాలి. మావులంటే వెదురుతో అల్లిన బుట్టలు. ఒకరు ఎత్తాలి, ఒకరు గెడ వేసి దోనె నిలపాలి. ఇంట్లో మగవాళ్ళు చాలకపోతే గెడ పిల్లల చేతికి వస్తుంది.

“ఇంటింటికీ తిరిగి బతిమాలడం హెడ్మాస్టరు పని కాదు రత్నం,” అన్నారు మా వారు. (నా పేరు శేషరత్నం. ఆయన నోట సగమే వస్తుంది.) “హెడ్మాస్టరు అన్నవాడు ఒక ఏర్పాటు చెయ్యాలి. అది దానంతట అది నడవాలి.”

ఆ ఏర్పాటు కోసం ఊరి పెద్ద పెద్దింటయ్యగారి దగ్గరికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. వాళ్ళ అరుగు మీద కూర్చుంటే చల్లగా ఉంటుంది.

“మీ ఊళ్ళో మీ మాట ఎవరైనా దాటితే ఏం చేస్తారండీ?” అని అడిగారు.

“దోనె ముక్కుకి తాటాకు కడతామండి. పెద్దలు విప్పేదాకా అది నీళ్ళలోకి దిగకూడదండి.”

“దింపితే?”

పెద్దింటయ్యగారు నవ్వారు. “మా తాతలనాటి నుంచీ దింపినోడు లేడండి. దింపితే ఆడికి ఈ ఊళ్ళో నిప్పిచ్చేవాడుండడు.”

“అయితే బడి మానిన పిల్లల ఇంటి దోనెకి కట్టండి.”

పెద్దింటయ్యగారి నవ్వు ఆగింది. “అదంటే దొంగతనాలకీ, కొట్లాటలకీ పెట్టుకున్న కట్టండి మాస్టారూ.”

“చదువు మానడం అంతకంటే చిన్న తప్పా?”

అంత చదువుకున్నాయన అలా అడిగితే పెద్దింటయ్యగారు మాత్రం ఏం చెబుతారు? ఆ సాయంత్రమే దండోరా వేయించారు. వారం తిరిగేసరికి బడి నిండిపోయింది. కూర్చోవడానికి చాపలు చాలక మా ఇంటి నుంచి పట్టుకెళ్ళారు. మా వారు ఇంటికి వస్తూనే గుమ్మంలోంచి “నూటికి నూరు!” అని కేక పెట్టారు.

నాకు సంతోషం కలగలేదు. బడి ముందు నుంచి వస్తూ లోపల చూశాను. తెల్లవారుతూనే మావులు ఎత్తి, ఒళ్ళంతా నాచు వాసనతో పరుగున వచ్చి కూర్చున్న పిల్లలు కూర్చునే నిద్రపోతున్నారు. నిద్రపోయినా హాజరే కదా!

“భయపెట్టి తెచ్చిన పిల్లకి ఏం చదువు వస్తుందండీ? తాడేపల్లిగూడెంలో మా హెడ్మిస్ట్రెస్ హన్నమ్మగారు వాన పడితే తువ్వాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవారు. తడిసిన తల తుడిచి లోపలికి పంపేవారు. రానివాళ్ళెవరో ఆవిడకి ఆ తువ్వాలు పట్టుకున్నప్పుడే తెలిసిపోయేది. మానేస్తే మాకే బెంగగా ఉండేది.”

“మొదలైందా మీ హన్నమ్మగారి పురాణం! తువ్వాళ్ళతో బడి నడుస్తుందటమ్మా?”

“తాటాకులతో నడుస్తుందా?”

“నడుస్తోందిగా!” అని చప్పట్లు కొట్టారు. నాకు కోపంలోనే నవ్వు వచ్చింది. కొత్తపెళ్ళికూతురికి ఉండే చిక్కులివి.

ఆ నవ్వు నాంచారమ్మ దోనె చూసేదాకానే.

నాంచారమ్మ మా వీధి చివర ఉంటుంది. మొగుడు పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, మంగ. తల్లి మావులు ఎత్తుతుంటే మంగ గెడ వేస్తుంది. ఇంట్లో మూడో మనిషి లేదు. మంగ నా క్లాసులో ముందు వరసలో కూర్చుని నా గాజులు లెక్కపెడుతూ సూది గుచ్చుకుని, “పద్యం మర్చిపోయానండీ, గాజులు గుర్తున్నాయండీ” అనే పిల్ల. ఒకనాడు పెద్ద గాలి వచ్చి దోనె తిరిగి రావడం ఆలస్యమైంది. బడిగంట కొట్టేశారు. ఆ సాయంత్రమే వాళ్ళ దోనెకి తాటాకు కట్టారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి నాంచారమ్మ ఒడ్డున చతికిలపడి, కదలని దోనె వంక చూస్తోంది.

“మావుల్లో పడ్డ చేపలు పడ్డట్టే ఉంటాయండమ్మగారూ. ఈ పాటికి నీటికుక్కలు బుట్టలు చింపి పోయుంటాయి. ఇవాళ కూడే కాదండి, రేపటికి బుట్ట కూడా లేదు.”

ఇంటికి వచ్చి ఆయనతో చెప్పాను. ఆ ఒక్క ఇంటిని వదిలెయ్యమన్నాను. ఆయన ఆలోచించారు. ఆలోచించి, “ఒకళ్ళకి సడలిస్తే పదిమందీ అడుగుతారు. అప్పుడు ఏర్పాటు మిగలదు,” అన్నారు. ఈసారికి విప్పినా, ఇంకోసారి కడితే నాంచారమ్మ ఊరు వదిలిపోవడం తప్ప దారి లేదని చెప్పాను. “అయితే ఇంకోసారి మానకుండా చూసుకోమను,” అన్నారు. ఎంత తేలికగా అన్నారు! ఆ మాట అన్న మనిషి, అంతకుముందు రోజే నా కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే దీపం పట్టుకుని తీసిన మనిషి ఒకరేనా అనిపించింది.

ఇలా ఉండగా డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురు వచ్చింది. బడికి మామిడాకులు కట్టారు. మా వారి కోటుకి నేనే బొత్తాం కుట్టాను.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఆరోజు బడికి వచ్చినవాళ్ళందర్నీ ఆయనకి ఒకేసారి చూపాలని ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. రిజిస్టరు తీసి పేర్లు పిలిచారు. ఒక్క పేరుకీ జవాబు ఆగలేదు.

“ఒక్కళ్ళూ మానలేదా! ఈ కొల్లేట్లో! భేష్,” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. తర్వాత పిల్లల వంక తిరిగి, “మీకు బడంటే అంత ఇష్టమా?” అని అడిగారు.

“ఇష్టమేనండీ!” అని హాలు అదిరిపోయేలా అరిచారు. అరుపు ఆగాక ముందు వరసలో ఒక బుడతడు, “రాకపోతే దోనెకి తాటాకు కడతారండి,” అని కలిపాడు.

అదేమిటని ఆయన అడగడమూ, మా వారు లేచి ఏర్పాటంతా వివరించడమూ, ఇన్‌స్పెక్టరుగారు తొడ చరుచుకుని నవ్వడమూ జరిగాయి. “అద్భుతం! కర్ర ముట్టుకోకుండా డిసిప్లిన్! మిగతా లంకల హెడ్మాస్టర్లకి కూడా ఈ పద్ధతే పెట్టమని రాస్తాను. హెడ్మాస్టరంటే ఇలా ఉండాలయ్యా.”

మా వారి మొహం చూడాలి అప్పుడు. కోటు బిగుతైపోయింది.

నేను మాత్రం మంగని వెతుకుతున్నాను. ముందు వరసలో లేదు. వెనక గోడ పక్కన తల్లి చీర ముక్క చెవులదాకా కప్పుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వలేదు. దగ్గరికి వెళ్ళాను. ఒణుకుతోంది. చెంప మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. గుడ్డ కొంచెం తొలగించాను. మెడ నిండా నీటి పొక్కులు.

ఎత్తుకుని లేచి నిలబడ్డాను.

“ఏమిటది రత్నం? తర్వాత చూద్దాం, కూర్చో,” అన్నారు మా వారు, పళ్ళ మధ్య నుంచి.

“తర్వాతేమిటండీ? ఈ పిల్లకి అమ్మవారు పోసింది. మీ నూటికి నూరులో ఈ పిల్ల కూడా ఉంది. బాగా లెక్కపెట్టుకోండి.”

ఇన్‌స్పెక్టరుగారు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పడవ ఎక్కడుందని అడిగారు. పోతూ పోతూ వరండాలో మా వారి భుజం తట్టి, “చిన్న చిన్నవి జరుగుతూనే ఉంటాయి. పద్ధతి మాత్రం వదలకండి,” అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. చిన్నవట! నా చేతుల్లో ఉన్న పిల్ల ఆయన కంటికి నిజంగా చిన్నదే.

నాకు చిన్నప్పుడే పోసింది కనుక భయం లేదు. మంగని తీసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి వేపాకు లేదు. అమ్మవారు పోసిన ఇంట్లో వేపమండ కట్టకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాంచారమ్మ పిల్లని అందుకుని చాప మీద పడుకోబెట్టింది. అప్పుడు కొంగులో దాచిన వేపాకులు తీసి చుట్టూ పరిచింది. ఏడవలేదు.

“ఎందుకు పంపావు నాంచారమ్మా? అమ్మవారని చెబితే ఎవరు కాదంటారు?”

“పోయిన వారం పిల్లకి జ్వరవొస్తే చెప్పి పంపానండి. అందరూ జ్వరవే చెబుతున్నారు, ఇక జ్వరాలు చెల్లవని మాస్టారన్నారంటండి.” పిల్ల మీద గుడ్డ సర్ది, “వేపాకు కడితే ఊరికి తెలుస్తాది. కట్టకపోతే అమ్మవారికి కోపం. రాత్రంతా ఆలోచించానండి. అమ్మవారైతే కాళ్ళా వేళ్ళా పడితే చల్లబడుద్ది. మాస్టారు చల్లబడరు కదండీ,” అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నన్ను దెప్పడం లేదు. ఉన్న మాట చెబుతోంది. అందుకే నాకు అంత మండింది. పిల్లలకి అక్షరాలు చెప్పే మనిషి అమ్మవారికంటే భయంకరుడైతే ఇక ఆ బడి ఎందుకు? ఇంతమంది పిల్లల పక్కన ఆ పిల్ల ఒణుకుతూ కూర్చుంది. రేపు ఎవరెవరికి పోస్తుందో!

దీపాలు పెట్టే వేళకి బయటికి వచ్చేసరికి పెద్దింటయ్యగారు దోనె దగ్గర ఉన్నారు. చేతిలో తాటాకు.

“ఏమిటండీ ఇది?”

“మధ్యాహ్నం గంటకి పిల్ల బళ్ళో లేదండమ్మగారూ.”

“నేను ఎత్తుకుని తీసుకొచ్చానండీ! ఒంటినిండా పొక్కులు!”

“తెలుసండి.” ఆయన తల వంచుకునే కట్టారు. “మాట ఇచ్చామండి. మాస్టారు అడిగి వేయించిన కట్టు. నేను విప్పితే రేపు నా మాట ఎవరు వింటారండీ? ఆ మాట అడిగినాయనే పదిమందిలో నిలబడి, తప్పు నాది అని చెబితే పోద్దండి. లేపోతే పోదు.”

ఇంటికి వచ్చాను. మా వారు కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉన్నారు. అంతా చెప్పాను. జ్వరాలు చెల్లవన్న మాట దగ్గర మాత్రం కొంచెం కదిలారు.

“అది... అందరూ అబద్ధాలు చెబుతుంటే అన్నాను.”

“అందరి ఇళ్ళకీ వెళ్ళి చూశారా?”

“నేను హెడ్మాస్టర్ని రత్నం. ఇళ్ళెక్కడ తిరుగుతాను?”

“అదేనండీ నేననేది! కృపావరంగారు తిరిగినన్నాళ్ళూ ఎవరి కాలికి ముల్లు దిగిందో తెలిసేది. ఇప్పుడు మీకు హాజరు తెలుస్తుంది, పిల్లలు తెలియరు.”

“రేపు పొద్దున్న పదిమందిలో తప్పు నాదంటే తర్వాత ఈ ఊళ్ళో నా మాటకి విలువ ఉంటుందా? పిల్లలు నన్ను చూసి నవ్వరూ?”

“నవ్వనీండి. మీరు లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి బల్ల మీద నిలబెట్టి ఒప్పుకోమంటారు. వాడికి ఏడుపు వచ్చినా ఒప్పుకుంటాడు. వాడి పాటి ధైర్యం వాడి హెడ్మాస్టరుకి ఉండాలా అక్కర్లేదా?”

ఆయన లేచి కోటు విప్పి కొయ్యకి తగిలించారు. నేను అన్నం వడ్డించాను. మా పెళ్ళయ్యాక మాట లేకుండా అన్నం తినడం అదే మొదటిసారి. పొద్దున్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది అందుకే.

కాఫీ తాగకుండానే ఆయన బయటికి నడిచారు. “అబ్బా, కాలింది” అనలేదు. నేను వెనకాలే వెళ్ళాను.

దోనెలు బయలుదేరే వేళ కనుక మగవాళ్ళందరూ ఒడ్డునే ఉన్నారు. మా వారు పెద్దింటయ్యగారి ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

“నాంచారమ్మ విషయంలో కొంత సడలింపు ఇవ్వడం సబబని...”

ఇంగ్లీషు గ్రామరు చెప్పే గొంతు అది. నాకు తెలుసు.

పెద్దింటయ్యగారు పూర్తి కానివ్వలేదు. “సడలింపంటే తప్పు ఆ మనిషిదే, మీరు దయదల్చారని అర్థం వస్తాదండి. తప్పు ఆవిడదా, మీదా? అది చెప్పండి చాలు.”

నాంచారమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. కృపావరంగారు నేల చూస్తున్నారు. మా వారు నా వంక చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. సాయం చెయ్యాలనీ అనిపించలేదు.

ఆయన చెప్పులు విడిచారు. పెద్దల ముందు తప్పు చెప్పుకునేవాళ్ళు అలా విడుస్తారని ఎవరు చెప్పారో తెలియదు.

“తప్పు నాది,” అన్నారు. మొదటిసారి మెల్లగా అన్నారు. వెనకవాళ్ళకి వినపడలేదేమో అని మళ్ళీ అన్నారు. “దొంగలకి పెట్టుకున్న శిక్ష పిల్లలకి వెయ్యమన్నది నేను. జ్వరాలు చెల్లవన్నదీ నేనే. ఆ కట్టు తీసెయ్యండి. ఒక్క ఇంటికి కాదు, అన్నిటికీ.”

పెద్దింటయ్యగారు స్వయంగా వెళ్ళి తాటాకు విప్పారు. “తప్పు ఒప్పుకున్నాక నష్టం తీర్చాలండి, అదీ మా కట్టే,” అన్నారు. “పిల్ల లేచేదాకా ఆ దోనెకి గెడ వేసేవాళ్ళు లేరు.”

“నేను వేస్తాను. బడి ఎలాగూ కొన్నాళ్ళు మూయాలి.”

“మీకు గెడ పట్టడం వచ్చాండీ?”

“రాదు.”

“అయితే నాంచారమ్మ ములిగిపోద్దండీ!” అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఒడ్డంతా నవ్వింది. నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయన భయపడినట్టే అందరూ నవ్వారు. ఏమీ కాలేదు.

మంగ కోలుకుంది. ముక్కు పక్కన రెండు మచ్చలు మిగిలాయి. నా క్లాసులో మరికొందరికి పోసింది, అందరూ లేచారు. ఆ రోజుల్లో ఆయన ఒక్కో ఇంటికీ వెళ్ళి గుమ్మంలో నిలబడి అడిగి వచ్చేవారు. కృపావరంగారు తోడు వెళ్ళారు, ఏ ఇల్లు ఎవరిదో చెప్పడానికి. ఇప్పుడు మావులు ఎత్తే పిల్లలకి బడి పొద్దెక్కాక మొదలవుతుంది. నూటికి నూరు లేదు. వచ్చినవాళ్ళు మెలకువగా ఉంటున్నారు.

ఇక్కడితో నా కోపం తీరిపోయి ఉండేది. కాని ఇన్‌స్పెక్టరుగారు అన్నంత పనీ చేశారు. మా పద్ధతి మెచ్చుకుంటూ మిగతా లంకల బళ్ళకి రాశారు. మేము విరమించామని మా వారు రాసిన ఉత్తరానికి మాత్రం జవాబు లేదు. జరిగింది ఎదురుగా చూసి, ముక్కు మూసుకుని పడవెక్కిన మనిషి! బడికి పెద్ద అయినవాడికి పిల్లల మొహాలు చూడ్డం రాకపోతే, ఆ పెద్దకి పెద్ద అయినవాడికి అసలు అక్కర్లేదు కాబోలు! పక్క లంకలో మొన్న దండోరా వేయించారట. నిన్న కొన్ని దోనెలకి తాటాకులు కట్టారట. అక్కడి హెడ్మాస్టరు సుబ్బారావుగారు మా వారికి ట్రైనింగులో స్నేహితుడు.

“వాడికి నేను చెబితే వింటాడు. అంతా చెప్పాలి కదా,” అన్నారు మా వారు.

“అంతా చెప్పాలి. చెప్పులు విడిచిందాకా.”

“నువ్వు వస్తావా?”

“వస్తాను. మీరు మధ్యలో ఏదైనా మింగేస్తే అందించాలిగా.”

అందుకని ఇవాళ పొద్దున్నే నాంచారమ్మని దోనె అడిగి తీసుకుని బయలుదేరాం. ఆయన పంచె ఎగగట్టి గెడ వేశారు. దోనె నేరుగా పోకుండా గిర్రున తిరిగి మళ్ళీ మా గుమ్మం వైపే ముక్కు పెట్టింది. మంగ ఒడ్డున నిలబడి, “అటు కాదండీ మాస్టారూ, ఎడమకండీ, ఎడమకి!” అని అరుస్తోంది. నేను గొడుగు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక, సుబ్బారావుగారితో అనవలసిన కఠినమైన మాటలన్నీ వరసగా తలుచుకుంటున్నాను.